తిరుపతి ఎండల్లో సముద్రపు తొట్టి: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

అలంకార చేపల పెంపకం గురించి వచ్చే ఉత్తరాల్లో ఉప్పునీటి తొట్టి ఎలా పెట్టుకోవాలని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. పగడపు దిబ్బల చేపలను ఇంట్లో పెంచే ఈ తొట్టిని వాడుకలో రీఫ్ ట్యాంక్ అంటున్నారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఒకదానితో ఒకటి ముడిపడినవాటిని ఏరి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. చేపల పేర్లు అడిగినవారే ఎక్కువ. అయితే మన ప్రాంతంలో ఈ తొట్టి నిలిచేదీ కూలేదీ నీటివల్ల, వేడివల్ల, తొందరవల్ల కనుక వాటికే ఎక్కువ చోటు కేటాయించాను.

అయిదేళ్లుగా గోల్డ్‌ఫిష్‌లు పెంచుతున్నాము. ఇప్పుడు సముద్రపు చేపలు కావాలని మా వారు, పిల్లలు పట్టుబడుతున్నారు. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటాము. అనుభవం లేదు కనుక ముందు ఒకటిన్నర అడుగుల చిన్న తొట్టితో మొదలుపెట్టి తర్వాత పెద్దది కొనవచ్చునా?
— ఒక పాఠకురాలు, తిరుచానూరు

చిన్నదైతే తేలిక అనుకోవడం సహజమే కాని, ఉప్పునీటి విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది. నలభై లీటర్ల తొట్టిలో ఒక చేప చచ్చి రాతి చాటున పడి ఉంటే తెల్లవారేసరికి నీరంతా విషమవుతుంది. మధ్యాహ్నం గది వేడెక్కితే ఆ కొద్దిపాటి నీరు గంటలోనే వేడెక్కుతుంది, ఒక లీటరు ఆవిరైతే ఉప్పు గాఢత మారిపోతుంది. నీరు ఎక్కువ ఉన్న తొట్టిలో ఇవే మార్పులు నెమ్మదిగా వస్తాయి, సరిదిద్దుకోవడానికి మీకు వ్యవధి దొరుకుతుంది. అందువల్ల కొత్తవారికి మూడడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న తొట్టి తగినదని నా అభిప్రాయం. దాని కొలత సుమారు 180 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోగా 150 లీటర్ల నీరు పడుతుంది.

మూడో అంతస్తు అన్నారు కనుక బరువు గురించి చెప్పాలి. లీటరు సముద్రపు నీరు 1.025 కిలోల బరువు ఉంటుంది. నీరు, అద్దం, రాళ్లు, స్టాండు అన్నీ కలిపితే 250 కిలోలు దాటుతుంది, ఆ బరువంతా అర చదరపు మీటరు కన్నా తక్కువ చోటుపై నిలుస్తుంది. నివాస గృహాల శ్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల అదనపు భారం కోసం లెక్కగడతారు. తొట్టి ఒక్కటే పెట్టినంత మాత్రాన శ్లాబు కూలిపోదు గాని, గది మధ్యలో ఉంచకుండా కింద బీము ఉన్న గోడను ఆనించి పెట్టండి. భవనం కట్టిన ఇంజినీరును ఒక మాట అడిగితే ఇంకా మంచిది.

చోటు ఎంచుకునేటప్పుడు కిటికీ ఎండ, వంటింటి పొగ తగలకుండా చూసుకోవడం చాలామందికి తెలుసు. దోమల మందు సంగతి మాత్రం మరచిపోతారు. సాయంత్రం ప్లగ్గులో పెట్టే ద్రవంలో, కాయిల్ పొగలో, స్ప్రేలో ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు, అంతకు మించి రొయ్యలకు, పీతలకు ప్రాణాంతకం. తొట్టి ఉన్న గదిలో వాటిని పూర్తిగా మానుకొని కిటికీలకు దోమతెరలు బిగించుకోవడం ఒక్కటే మార్గం.

స్టాండు ఇనుముది కాకపోతే మేలు, ఎందుకంటే ఉప్పు తుంపరలకు రంగు పెచ్చులూడి ఏడాది తిరగకుండానే తుప్పు మొదలవుతుంది. తొట్టికి వెళ్లే కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తింగు తప్పనిసరి. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టండి. అలా కడితే వైరు వెంట జారే నీటి చుక్క సాకెట్టులోకి పోకుండా నేలపై పడుతుంది. ఉప్పునీరు మంచినీటి కన్నా ఎన్నో రెట్లు బాగా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కనుక ఈ ఖర్చులో వెనుకాడవద్దు.

మాకు తూపిలిపాలెం సముద్రం దగ్గరే. క్యానుల్లో నీళ్లు తెచ్చి పోసుకుంటే సరిపోదా? లేదా మంచినీటిలో కల్లుప్పు కలుపుకోవచ్చునా? అక్వేరియం ఉప్పు ధర చూస్తే భయం వేస్తోంది.
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

రెండు ప్రశ్నలూ సమంజసమైనవే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

పగడపు దిబ్బల చేపలు ఎదిగేది కిలో నీటిలో 35 గ్రాముల లవణాలు ఉండే స్వచ్ఛమైన సముద్రంలో. మన తీరం అలాంటిది కాదు. బంగాళాఖాతంలోకి వచ్చి చేరే నదుల నీటివల్ల, ఈశాన్య రుతుపవనాల వానలవల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరపు నీటిలో లవణీయత బాగా పడిపోతుంది. స్వర్ణముఖి కూడా ఆ తీరప్రాంతంలోనే సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున నీటిలో ఒండ్రు ఉంటుంది, పైగా వాకాడు, కోట మండలాల రొయ్యల చెరువుల నుంచి వదిలే నీరు కూడా అక్కడికే చేరుతుంది. ఒకసారి తెచ్చిన నీటికి, మరోసారి తెచ్చిన నీటికి పొంతన ఉండదు. పరిశోధనా కేంద్రాలు సముద్రపు నీటినే వాడతాయన్నది నిజమే కాని, అవి ఆ నీటిని ఇసుక వడపోతల గుండా పంపి, శుద్ధి చేసి, పరీక్షించి వాడతాయి.

ఇక కల్లుప్పు. సముద్రపు నీటిలో ఉన్నది ఒక్క ఉప్పే కాదు. కిలో నీటిలో క్లోరైడ్ 19 గ్రాములకు పైగా, సోడియం దాదాపు 11 గ్రాములు ఉండగా, మిగిలిన కొద్ది భాగంలో సల్ఫేటు, 1.3 గ్రాముల మెగ్నీషియం, 0.4 గ్రాముల చొప్పున కాల్షియం, పొటాషియం ఉంటాయి. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేది, గుల్లపురుగు తన గుల్లను పేర్చుకునేది ఈ కొద్ది భాగంతోనే. ఇస్కపల్లిలోనో చినగంజాంలోనో ఉప్పు మళ్లలో నీరు ఎండేటప్పుడు కాల్షియం ముందుగానే సున్నంగా, జిప్సంగా అడుగున పేరుకుపోతుంది. ఆ తర్వాత ఉప్పు స్ఫటికాలు కడుతుంది. మెగ్నీషియం మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేస్తారు. మనం కొనే కల్లుప్పు అలా దాదాపు సోడియం క్లోరైడుగానే మిగులుతుంది. మన వంటకు కావలసిందీ అదే. ఆ ఉప్పు కలిపిన నీరు నాలుకకు సముద్రంలాగే అనిపించినా, పగడానికి, రొయ్యకు అందులో బతుకు లేదు.

కాబట్టి సముద్రపు అక్వేరియాలకని తయారుచేసిన ఉప్పు కొనక తప్పదు. లీటరుకు సుమారు 36 గ్రాముల చొప్పున 150 లీటర్లకు అయిదున్నర కిలోలు పడుతుంది. నీటిలో ఉప్పును కొద్దికొద్దిగా వేయాలి గాని, ఉప్పు మీద నీరు పోయకూడదు. అలా పోస్తే గాఢత ఒక్కసారిగా పెరిగి కాల్షియం తెల్లగా విరిగి అడుగున చేరుతుంది. చిన్న పంపు పెట్టి ఒక రోజంతా కలియబెట్టిన తర్వాత కొలవండి. సాపేక్ష సాంద్రత, అంటే మంచినీటితో పోల్చిన బరువు, 1.025, 1.026 మధ్య ఉంటే సరిపోయినట్టు. కొలవడానికి ముల్లు ఊగే ప్లాస్టిక్ పరికరం వద్దు, దానికి ఒక గాలిబుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది. గూడూరు, నెల్లూరు వైపు రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటరే మీకూ పనికివస్తుంది. రొయ్యల సామాను అమ్మే దుకాణాల్లో దాన్ని అడగండి. 35 లవణీయత ఉన్న ప్రమాణ ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూసుకుంటూ ఉండండి.

మా ఇంట్లో తాగునీటి ఆర్‌ఓ యంత్రం ఉంది. ఆ నీటిలో ఉప్పు కలపవచ్చునా?
— ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

ముందు అది ఎలాంటి యంత్రమో చూసుకోండి. తాగునీటికి రుచి ఉండాలని చాలా యంత్రాల్లో కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతారు. కొన్నింటిలో ఆరోగ్యం పేరిట రాగి చేరుస్తారు. ఆ రాగి మనిషికి హాని చేయకపోవచ్చును గాని, రొయ్యలు, నత్తలు, పగడాలు అతి కొద్దిపాటి రాగికే చనిపోతాయి. రాగి కలిపే యంత్రం నీటిని ఈ పనికి అసలు వాడకండి. అలాంటిది కాకపోతే దాని చివర, మిగిలిన లవణాలను పట్టుకునే డీఅయనైజింగ్ రెజిన్ గొట్టం ఒకటి అమర్చి, బయటికి వచ్చే నీటిలో టీడీఎస్ (కరిగిన లవణాలు) మీటరు సున్నా చూపేలా చేసుకోండి. బోరునీరు గట్టిగా ఉండే మన ప్రాంతంలో రెజిన్ త్వరగా అరిగిపోతుంది. టీడీఎస్ సున్నా నుంచి పెరగడం మొదలవగానే దాన్ని మార్చాలి.

రోహిణి కార్తెలో మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చోవడమే కష్టం. కరెంటు కోతలూ ఉంటాయి. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకుండా ఈ తొట్టి నడుస్తుందా?
— ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

ఈ సంచికలోని ప్రశ్నలన్నింటిలో ముఖ్యమైనది ఇదే. చలిదేశాల వారు రాసే సలహాల్లో నీటిని వేడిచేసే హీటరు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. మనకు కావలసింది అందుకు సరిగ్గా వ్యతిరేకం.

ఈ తొట్టి నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. తిరుపతిలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 దాటడం మామూలు. చిత్తూరు కొంత ఎత్తున ఉన్నా గోడలు కాగిన ఇంట్లో పెద్ద తేడా తెలియదు. దీపాలు, పంపులు కూడా నీటికి వేడినిస్తాయి. 30 డిగ్రీలు దాటి కొన్ని రోజులు అలాగే ఉంటే, పగడాలు తమ కణజాలంలో ఆశ్రయమిచ్చి తమకు ఆహారాన్ని తయారుచేయించుకునే సూక్ష్మ శైవలాలను బయటికి నెట్టివేసి తెల్లబోతాయి. సముద్రంలోనూ జరుగుతున్నది ఇదే. వేసవి గరిష్ఠం కన్నా ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, దిబ్బలకు దిబ్బలే తెల్లబడుతున్నాయి. 1998లో లక్షద్వీప్ పగడాలు అలాగే పెద్దయెత్తున దెబ్బతిన్నాయి.

నీటి మీదుగా గాలి వీచేలా చిన్న ఫ్యానులు పెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది, వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక అంతగా పనిచేయదు. ఎండాకాలంలోనూ గది 36 డిగ్రీలు ఉంటే ఫ్యాను నీటిని 27కు తేలేదు. అందుచేత నా సమాధానం సూటిగా చెబుతాను. పగలంతా ఏసీ నడిచే గది లేని ఇంట్లో చిల్లర్ కొనే స్తోమత వచ్చేవరకు రీఫ్ ట్యాంక్ ఆలోచనను వాయిదా వేసుకోండి. తొట్టి, దీపాలు, చేపలు కొన్నాక చిల్లర్‌కు డబ్బు చాలక మొదటి వేసవిలోనే అన్నీ పోగొట్టుకోవడం కన్నా, చిల్లర్‌ను లెక్కలో మొదటి వస్తువుగా వేసుకొని చిన్న దీపంతో సరిపెట్టుకోవడం మేలు. చిల్లర్ తాను లాగిన వేడిని గదిలోకే వదులుతుంది కనుక దాన్ని తొట్టి కింది అరలో మూసిపెట్టకండి.

ఫ్యాను పెట్టినా పెట్టకపోయినా ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. 150 లీటర్ల తొట్టిలో రోజుకు నాలుగు లీటర్లు తగ్గుతున్నదనుకుందాం. మూడు రోజులు పట్టించుకోకపోతే లవణీయత 35 నుంచి 38కి చేరుతుంది. తగ్గిన మేరకు ప్రతిరోజూ ఉప్పు కలపని శుద్ధమైన నీటినే పోయాలి. ఉప్పునీరు పోసే పొరపాటు కొత్తవారిలో చాలా సాధారణం, దానివల్ల గాఢత రోజురోజుకూ పెరుగుతూ పోతుంది. నీటిమట్టం తగ్గగానే తనంతట తానే నీరు నింపే ఆటో టాప్‌ఆఫ్ పరికరం చిత్తూరు వంటి చోట విలాసం కాదు.

కరెంటు పోయినప్పుడు ముందుగా కరువయ్యేది ప్రాణవాయువు. 30 డిగ్రీల మంచినీటిలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, అదే వేడి ఉన్న సముద్రపు నీటిలో ఆరు మిల్లీగ్రాములకు కాస్త పైగా మాత్రమే కరుగుతుంది. అంటే మీకు అలవాటైన మంచినీటి తొట్టి కన్నా ఇక్కడ గడువు తక్కువ. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే నీటిని కదిలించే వేవ్ మేకర్ ఒక్కదాన్ని దానికి కలపండి, అది వాడే కరెంటు చాలా స్వల్పం. ఇన్వర్టరు లేకపోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. చిల్లర్ కొన్ని గంటలు ఆగినా పరవాలేదు. 2021 నవంబరు వరదల వంటివి వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే మేత పూర్తిగా ఆపి, గంటకోసారి చెంబుతో నీరు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉండాలి.

తొట్టి నింపి పది రోజులైంది. నీరు అద్దంలా ఉంది. వారం చాలు, చేపలు వేసుకోవచ్చునని దుకాణంలో చెప్పారు. ఇంతలో ఇసుకపై గోధుమరంగు పొర పడుతోంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

వేయకండి. నీరు తేటగా ఉండడానికి, అందులో చేప బతకడానికి సంబంధం లేదు.

చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, మరొక రకం ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా ఉండదు. రాళ్ల రంధ్రాల్లో, ఇసుక రేణువులపై అది స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కనుక ఇక్కడ అమ్మోనియా ఎక్కువ విషపూరితమైన రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటితో పోలిస్తే ఆ విషభాగం పదిరెట్లకు పైగా ఎక్కువ. గోల్డ్‌ఫిష్ తట్టుకున్న పొరపాటును క్లౌన్ చేప తట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం.

చేపలను బలిపెట్టి ఈ పని చేయించే పాత పద్ధతి క్రూరమైనది, అనవసరమైనది కూడా. అమ్మోనియం క్లోరైడ్ ద్రావణాన్ని లీటరుకు రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చేలా వేసి, సీసాల్లో దొరికే బ్యాక్టీరియా కలిపి, రెండు మూడు రోజులకోసారి పరీక్షించండి. అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, నైట్రైటు పెరిగి తగ్గుతుంది, నైట్రేటు మిగులుతుంది. చివరికి ఆ రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు నీటిలో కొంత భాగం మార్చి మొదటి చేపను తెచ్చుకోవచ్చును.

గోధుమ పొర గురించి భయపడకండి. అది డయాటమ్ అనే శైవలం. నీటిలోని సిలికేటును తింటూ పెరిగి, అది తరిగాక తనంతట తానే పోతుంది. దాని తర్వాత పచ్చని నాచు రావడమూ మామూలే. తొట్టి సిద్ధమయ్యేవరకు దీపం వెలిగించవలసిన అవసరం లేదు. మందులు పోయవలసిన అవసరం అంతకన్నా లేదు.

పగడాలు పెంచాలని కోరిక. ఒకతను రామేశ్వరం వైపు నుంచి తెచ్చిన బతికున్న రాయి, కొమ్మల పగడం తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. కొనవచ్చునా? లేదంటే కొండ దగ్గరి రాళ్లు వాడుకుంటాను.
— ఒక విద్యార్థి, తిరుపతి

కొనకండి. దయచేసి మీ స్నేహితులనూ కొననివ్వకండి.

దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, వాటితోపాటు నల్ల పగడం, నిప్పు పగడం, వేణువుల గుత్తిలా ఉండే ఆర్గాన్‌పైప్ పగడం, విసనకర్రలా ఉండే సీఫ్యాన్‌లు 2001లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. 2022లో చేసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన సవరణ ప్రకారం మొదటి షెడ్యూలు జీవుల విషయంలో మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. సముద్రం నుంచి తీసిన బతికున్న రాయి అంటే పాత పగడపు అస్థిపంజరమే, దానికి అంటుకొని బతికున్న పగడాలూ ఉంటాయి.

చట్టం సంగతి అలా ఉంచినా, రామేశ్వరం నుంచి తూత్తుకుడి వరకు 21 దీవుల చుట్టూ ఉన్న మన్నార్ సింధుశాఖ పగడాలను 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించవలసి రావడానికి కారణం ఉంది. సున్నానికీ కట్టుబడికీ దశాబ్దాలపాటు అక్కడి పగడాలను తవ్వుకుపోయారు. ఆ దీవుల్లో రెండు నీట మునిగిపోవడానికి ఆ తవ్వకం ఒక ముఖ్య కారణం. బండలా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. మీ అరచేతిలో పట్టే ముక్క మీ వయసుదే అయి ఉండవచ్చును. అది మన వేసవిలో, అనుభవం లేని చేతుల్లో కొన్ని వారాల్లో చచ్చిపోతుందని తెలిసి కూడా అమ్మేవారున్నారు. కొనేవారు లేకపోతే తెచ్చేవారూ ఉండరు.

కొండ రాళ్ల ఆలోచన కూడా మానుకోండి. శేషాచలం కొండలు జీవావరణ రక్షిత ప్రాంతం, అక్కడి నుంచి రాయి తేవడం తగదు. పైగా తిరుమల కొండలది క్వార్ట్‌జైటు. అది నీటికి హాని చేయదు గాని, రంధ్రాలు లేని గట్టి రాయి కనుక బ్యాక్టీరియా కాపురముండే చోటు అందులో చాలా తక్కువ. అక్వేరియాలకని చేసిన సిరామిక్ రాళ్లు, సిమెంటుతో గుల్లగా పోసిన కృత్రిమ రాళ్లు దొరుకుతున్నాయి. సిమెంటువైతే కొన్ని వారాలపాటు మంచినీటిలో నానబెట్టి, ఆ నీరు మారుస్తూ, పీహెచ్ పెరగడం ఆగిన తర్వాతే వాడాలి. ఆరు నెలల్లో వాటిపై ఊదారంగు సున్నపు నాచు కప్పుకొని అచ్చం దిబ్బరాయిలా కనబడతాయి. ఇసుక కూడా స్వర్ణముఖిది కాకుండా సున్నపు ఖనిజమైన అరగొనైట్ ఇసుక అయితే పీహెచ్ నిలకడకు కొంత తోడ్పడుతుంది.

పగడమే కావాలంటే మొదటి సంవత్సరం ఆగండి. ఆ తర్వాత, షెడ్యూలులో లేని మెత్తని జాతుల్లో తొట్లలో పెంచి ముక్కలు చేసినవాటిని మాత్రమే, బిల్లుతో, జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో జాతి పేరు చెప్పి అడిగి తెలుసుకున్న తర్వాతే తీసుకోండి. గుండీల్లా గుత్తులుగా పెరిగే జొయాంథిడ్‌లలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతికి తొడుగు లేకుండా వాటిని ముట్టుకోకూడదు, అవి అంటిన రాయిని ఎన్నడూ వేడినీటిలో ఉడికించకూడదు.

మా పిల్లలకు నారింజరంగు క్లౌన్ చేప, దాని ఇల్లయిన అనిమోన్, నీలిరంగు సర్జన్ చేప, నీటి గుర్రం కావాలట. మూడడుగుల తొట్టిలో ఇవన్నీ పడతాయా?
— ఒక తల్లి, పుత్తూరు

క్లౌన్ చేపలు తప్పకుండా తెచ్చుకోండి. అవి మీ తొట్టికి సరిగ్గా సరిపోతాయి. కొచ్చి కేంద్రంగా పనిచేసే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని బంధనంలో పొదిగించే పద్ధతులను అభివృద్ధి చేసింది, అలా పుట్టిన పిల్లలే ఇప్పుడు అమ్మకానికి వస్తున్నాయి. సముద్రంలో పట్టినవాటికన్నా అవి గట్టివి, తొట్టి మేతకు అలవాటుపడినవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచుకోండి. పుట్టినప్పుడు అన్నీ మగవైపే ఉండి, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది కనుక వాటికి పోట్లాట ఉండదు. ఈ సంగతి చెబితే పిల్లలు చేపలను ఇంకా శ్రద్ధగా గమనిస్తారు.

పువ్వులా కనిపించే సముద్రజీవి అయిన అనిమోన్ లేకపోయినా క్లౌన్ చేపలు తొట్టిలో హాయిగా బతుకుతాయి. అనిమోన్ మాత్రం ఏడాది నిండని తొట్టిలో బతకడం కష్టం. పైగా అది నడుస్తూ వెళ్లి పంపులో చిక్కుకొని నలిగితే నీరంతా పాడవుతుంది. నీలి సర్జన్ చేప దుకాణంలో మూడు అంగుళాలే ఉన్నా ఎదిగితే అడుగు పొడవు ఉంటుంది. రోజంతా ఈదే ఆ చేపను మూడడుగుల గాజుగోడల మధ్య బంధించడం న్యాయం కాదు. నీటి గుర్రాలు, వాటి బంధువులైన పైప్‌ఫిష్‌లు, సముద్ర దోసకాయలు కూడా మొదటి షెడ్యూలు జీవులే. ఎవరైనా అమ్ముతామంటే తిరస్కరించండి.

క్లౌన్ జంటకు తోడుగా ఒక వాచ్‌మన్ గోబీ చేపను, దానితోపాటు పిస్టల్ రొయ్యను తెచ్చుకోమని నా సిఫారసు. చూపు సరిగా లేని రొయ్య బొరియ తవ్వుతుంది, గోబీ వాకిట్లో కాపలా కాస్తుంది. రొయ్య బయటికి వచ్చినప్పుడల్లా తన మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది, ప్రమాదం వస్తే గోబీ తోక కదిపి హెచ్చరిస్తుంది. సర్జన్ చేప ఊసు పిల్లలు మరచిపోవడానికి ఈ జంట చాలు. ఇంకొక చేపకు చోటుంది. బంగాయ్ కార్డినల్ చేప బాగుంటుంది గాని, ఇండోనేషియాలోని చిన్న ద్వీపసమూహానికే పరిమితమై అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నందున తొట్టిలో పుట్టినదైతేనే తీసుకోండి. నాలుగు చేపలతో ఆపేయండి. ఒకదానికీ మరొకదానికీ మధ్య మూడు నాలుగు వారాలు ఎడం ఉండాలి. చౌకగా దొరికే డామ్సెల్ చేపను ముందుగా వేస్తే తర్వాత వచ్చినవాటిని బతకనివ్వదు. రంగులకు ముచ్చటపడి బటర్‌ఫ్లై చేపను, మాండరిన్ చేపను తెస్తుంటారు. మొదటిది పగడాల మొగ్గలను తింటుంది, రెండవది తనకు ఆహారమయ్యే అతి చిన్న నీటి ప్రాణులు సమృద్ధిగా లేని కొత్త తొట్టిలో ఆకలితో చచ్చిపోతుంది.

చెన్నై కొళత్తూరు నుంచి బస్సులో చేపలు తేవాలి. తొట్టిలో ఎలా వదలాలి? మా స్నేహితుడి తొట్టిలో తెల్లచుక్కలు వచ్చి అన్నీ చచ్చాయి.
— ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

తెచ్చే ముందు చేప మేత తింటున్నదో లేదో దుకాణంలోనే వేయించి చూడండి, వాళ్ల నీటి లవణీయత ఎంతో అడగండి. ఖర్చు తగ్గుతుందని చాలాచోట్ల సాపేక్ష సాంద్రతను 1.020 దగ్గర ఉంచుతారు. తెల్లవారుజామున బయలుదేరి, ఆక్సిజన్ నింపిన సంచులను థర్మకోల్ పెట్టెలో పెట్టించుకొని వస్తే 140 కిలోమీటర్ల దారి పెద్ద ఇబ్బంది కాదు.

వచ్చిన చేప నేరుగా పెద్ద తొట్టిలోకి వెళ్లకూడదు. రాళ్లు, ఇసుక లేని చిన్న తొట్టిలో నాలుగు వారాలు విడిగా ఉంచాలి. ఆ తొట్టి నీటిని ముందే దుకాణపు లవణీయతకు సరిపెట్టి ఉంచితే, సంచిని ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి, తెరిచి, చేపను వెంటనే వదలవచ్చును. సంచి తెరిచి గంటల తరబడి చుక్కచుక్కగా నీరు కలిపే పద్ధతి దూరప్రయాణం తర్వాత మంచిది కాదు. మూసిన సంచిలో బొగ్గుపులుసు గాలివల్ల పీహెచ్ తగ్గి అమ్మోనియా నిద్రాణంగా ఉంటుంది, తెరవగానే పీహెచ్ పెరిగి ఆ అమ్మోనియా విషంగా మారుతుంది. తర్వాత కొన్ని రోజుల్లో సాపేక్ష సాంద్రతను 1.025కు నెమ్మదిగా పెంచుకోండి.

మీ స్నేహితుడి తొట్టిలో వచ్చింది బహుశా క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. అది చేపను వదిలి రాతిపై గూడు కట్టుకొని, అక్కడ విభజన చెంది, వందల పిల్లలుగా తిరిగి దాడిచేస్తుంది. చుక్కలు రాలిపోయాయి కనుక జబ్బు తగ్గిందని అనుకునే రోజులే అన్నింటికన్నా ప్రమాదకరమైనవి. పసుపు, కల్లుప్పు దీనికి పనిచేయవు. రాగి మందు పనిచేస్తుంది గాని దాన్ని విడి తొట్టిలో, రాగి పరీక్ష కిట్టుతో కొలుస్తూ మాత్రమే వాడాలి. పెద్ద తొట్టిలో పోస్తే రొయ్యలు, నత్తలు ముందు చస్తాయి. జబ్బు పెద్ద తొట్టికి సోకితే చేపలన్నింటినీ బయటికి తీసి, రెండున్నర నెలలు అందులో చేప అన్నది లేకుండా ఉంచితే, ఆశ్రయం దొరకక ఆ పరాన్నజీవి నశిస్తుంది.

బ్రహ్మోత్సవాలకు ఇంటినిండా బంధువులు వస్తారు, సంక్రాంతికి మేము ఊరికి వెళ్తాము. తొట్టిని ఎవరికి అప్పగించాలి?
— ఒక పాఠకురాలు, కె.టి. రోడ్డు, తిరుపతి

నాలుగైదు రోజులైతే మేత లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న చేపలకు ఏమీ కాదు. పొరుగువారికి డబ్బా అప్పగిస్తే ప్రేమకొద్దీ ఎక్కువ వేస్తారు, మీరు వచ్చేసరికి నీరు పాడై ఉంటుంది. తప్పదనుకుంటే ఒక్కో పూట మేతను చిన్న పొట్లాలుగా కట్టి ఇచ్చి, మిగతా డబ్బా దాచివేయండి. వారికి అప్పగించవలసిన అసలు పని నీటిమట్టం చూడడం. అద్దంపై ఒక గీత గీసి, పక్కన శుద్ధమైన నీటి క్యాను పెట్టి, గీత వరకు మాత్రమే పోయమని చెప్పండి. చుట్టాల పిల్లలు తొట్టిలో చేతులు పెట్టకుండా మూత బిగించి, ఆ పది రోజులు గదిలో అగరొత్తులు, దోమల స్ప్రే వాడకుండా చూసుకోండి.